ఆడే పిల్లలకు గజ్జల్లో, తుంటిలో నొప్పి వస్తే ఏం చేయాలి

12 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న పిల్లాడో పిల్లో గ్రౌండ్ నుంచి వచ్చి గజ్జ పట్టుకుని కూర్చుంటే మన ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. "కండ పట్టేసింది, రేపటికి సర్దుకుంటుందిలే" అని బామ్ రాస్తారు, వేన్నీళ్ల కాపడం పెడతారు, మర్నాడు పొద్దున ఐదింటికల్లా మళ్లీ అకాడమీ దగ్గర దింపేస్తారు, ఎందుకంటే ఫీజు కట్టేశాం, పైగా వచ్చే వారం సెలక్షన్స్. అదే నొప్పి మీకొస్తే ఈ పద్ధతి చాలావరకు నడుస్తుంది. ఎదిగే పిల్లల దగ్గర నడవదు.

కారణం చిన్నదే. పెద్దవాళ్లలో గట్టిగా లాగితే దెబ్బతినేది కండరం. ఎదిగే వయసులో కండరం ఎముకకు అతుక్కునే చోట ఇంకా గట్టిపడని మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు, అది కండరం కంటే బలహీనం. తడి ఆరని గోడకు మేకు కొట్టి దానికి తాడు కట్టి లాగితే తాడు తెగదు, మేకుతో పాటు గోడ పెచ్చు ఊడొస్తుంది, ఇక్కడా అంతే. కటి ఎముక చుట్టూ ఇలాంటి చోట్లు చాలానే ఉన్నాయి, పైగా ఒంట్లో ఆలస్యంగా గట్టిపడే వాటిల్లో ఇవీ ఉన్నాయి, కొన్నయితే 20 దాటాక గానీ పూర్తిగా అతుక్కోవు. అందుకే 14 ఏళ్ల పిల్లాడు పరుగు మొదలుపెట్టగానే "టక్‌మని చప్పుడైంది" అన్నాడంటే ముందు ఎముకను అనుమానించాలి, కండరం సంగతి తర్వాత.

మొదటి పని: ఆ పూట ఆట ఆపించండి

కుంటుతున్న పిల్లలు ఆడకూడదు. దీనికి మినహాయింపులు లేవు, ఫైనల్ మ్యాచ్ అయినా సరే. "కొంచెమే కుంటుతున్నాడు, వేడెక్కాక పోతుంది" అనే మాట గ్రౌండ్‌లో రోజూ వినిపిస్తుంది, నిజంగానే ఒళ్లు వేడెక్కాక నొప్పి కాస్త మరుగున పడుతుంది కూడా, అదే అసలు ప్రమాదం.

తర్వాత రెండు రోజులు చేయకూడనివే ఎక్కువ. స్ట్రెచింగ్ వద్దు. పట్టేసిందనుకుని కాలు చాపి లాగడం, స్నేహితుడు వీపు మీద కూర్చుని వంచడం, ఇవన్నీ ఊడిన ఎముక ముక్కను ఇంకా దూరం లాగుతాయి. నూనె పెట్టి గట్టిగా మర్దనా వద్దు. కాపడం వద్దు, దెబ్బ తగిలిన కొత్తలో వేడి పెడితే వాపు పెరుగుతుంది. ఐస్ పెట్టండి, నేరుగా చర్మం మీద కాదు, తడి తువ్వాలులో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. నడిస్తే నొప్పిగా ఉంటే చంక కర్రలు తెచ్చివ్వండి, మెడికల్ షాపుల్లో, సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి, చాలాచోట్ల అద్దెకూ ఇస్తారు.

మందుల విషయం: నొప్పికి పారాసిటమాల్ బరువును బట్టి సరైన మోతాదులో ఇవ్వొచ్చు. ఒంట్లో జ్వరం కూడా ఉంటే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా ఇవ్వకండి. వానాకాలంలో మన ఊళ్లో డెంగీ ఎలా తిరుగుతుందో తెలుసుగా, డెంగీలో ఆ మాత్రలు రక్తస్రావానికి దారితీయొచ్చు. ఇక నొప్పి మాత్ర వేసి మ్యాచ్‌కి పంపే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. నొప్పి తెలియకపోతే పిల్లాడు ఆగడు, లోపల దెబ్బ పెరుగుతూనే ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లు "పుత్తూరు కట్టు వేయిద్దామా" అని అడుగుతారు. చేతికో కాలికో వేసినట్టు తుంటి కీలుకు కట్టు వేయడం కుదరని పని. ఎక్స్‌రే చూడకుండా ఎవరినీ ఆ కాలు తిప్పనివ్వకండి.

ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లాల్సినవి

మిగతాదంతా తర్వాత చదవొచ్చు, ఇది మాత్రం ఇప్పుడే చదవండి.

అబ్బాయిల్లో ఉన్నట్టుండి ఒక పక్క గజ్జల్లో, పొత్తికడుపులో విపరీతమైన నొప్పి, దానితో వాంతులు, ఒక వృషణం వాచి పైకి లాక్కున్నట్టు ఉండటం: ఇది ఆట దెబ్బ కాదు, వృషణం మెలిక పడటం. దానికి రక్తం అందకుండా పోతుంది. సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే కాపాడుకునే అవకాశం బాగా ఉంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ ఆ వృషణమే పోతుంది. ఈ వయసు అబ్బాయిలు అక్కడ నొప్పి అని అమ్మకి చెప్పరు, నాన్నకీ చెప్పరు, "గజ్జ నొప్పి" అనో "కడుపు నొప్పి" అనో అంటారు. కాబట్టి మీరే సూటిగా అడగండి, "కింద నొప్పిగా ఉందా, వాపు ఉందా" అని. సిగ్గు పడే సమయం కాదు. రాత్రి రెండింటికైనా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

జ్వరం ఉండి తుంటి నొప్పి, కాలు కదిపితే అరవడం, అడుగు వేయలేకపోవడం: కీలులో చీము పట్టి ఉండొచ్చు. ఇది కూడా అదే రోజు తేలాలి.

దెబ్బ తగలగానే కాలు మీద అస్సలు బరువు వేయలేకపోతే, కాలు పొట్టిగా కనిపిస్తున్నా, పాదం బయటికో లోపలికో తిరిగిపోయినా, 108కి ఫోన్ చేయండి. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొద్దు, ఆ కాళ్లు ఎడంగా పెట్టే భంగిమే కీలుకు హాని చేస్తుంది. ఏమీ తినడానికి, తాగడానికి ఇవ్వకండి, ఆపరేషన్ అవసరం రావచ్చు.

రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, ఆడినా ఆడకపోయినా ఒకేలా ఉండేది, బరువు తగ్గడం, సాయంత్రాలు సన్నగా జ్వరం, ఇవి గంటల్లో తేల్చాల్సినవి కావు కానీ ఆ వారంలోనే చూపించాలి. ఎముక గడ్డలు, తుంటి టీబీ ఇలాగే మొదలవుతాయి.

పాదం మీద పుండో, చీము పట్టిన గాయమో ఉండి గజ్జల్లో ముద్దలా తగులుతుంటే అది చాలాసార్లు బిళ్ళ కట్టడమే. పుండుకు వైద్యం చేయిస్తే బిళ్ళ కరుగుతుంది. దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయే ముద్ద అయితే హెర్నియా, సర్జన్‌కి చూపించాలి.

తర్వాత: ఒక్క వేలితో చూపించమనండి

"ఎక్కడ నొప్పి?" అని అడిగితే పిల్లలు అరచేత్తో మొత్తం నడుము నుంచి మోకాలి దాకా తడుముతారు. ఒక్క వేలితో చూపించమనండి. ఎప్పుడు మొదలైంది, ఒక్కసారిగానా మెల్లగానా, ఏ పని చేస్తున్నప్పుడు అని కూడా. ఈ మూడు జవాబులు డాక్టర్‌కి సగం దారి చూపిస్తాయి.

ప్యాంటు జేబు మొదలయ్యే దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన ఎముక మీద వేలు పెట్టి, "వంద మీటర్లు స్టార్ట్ తీసుకుంటుంటే టక్‌మంది" అంటే అక్కడి ముక్క ఊడి ఉండొచ్చు. దానికి కాస్త కిందుగా, తొడ మొదట్లో, ఫుట్‌బాల్ గట్టిగా తన్నుతుంటే వచ్చిందంటే తొడ ముందు కండరం అతుక్కున్న చోటు. పిర్ర కింద, మనం కూర్చునేటప్పుడు బెంచీకి ఆనే ఎముక దగ్గర, లాంగ్ జంప్‌లోనో హర్డిల్స్‌లోనో కాళ్లు బాగా చాచినప్పుడు వచ్చిందంటే తొడ వెనక కండరాల మొదలు. ఈ చివరిదాన్ని ఎక్కువగా వదిలేస్తారు. పిల్లాడు క్లాసులో ఒక పక్కకు వాలి కూర్చుంటుంటే, సైకిల్ సీటు మీద కూర్చోలేకపోతుంటే గమనించండి.

నడుం పక్కన ఎముక అంచు మీద, మెల్లగా వారాల తరబడి పెరిగే నొప్పి ఫాస్ట్ బౌలర్లకు, పరుగు పందాల పిల్లలకు వస్తుంది. అక్కడ ఊడటం కాదు, రోజూ లాగి లాగి గ్రోత్ ప్లేట్ ఒరుసుకుపోవడం. తొడ లోపలి వైపు, గజ్జ మడత దగ్గర అయితే తొడల్ని దగ్గరికి లాగే కండరాలు, షటిల్ ఆడేవాళ్లు నెట్ దగ్గర పెద్ద అంగ వేసినప్పుడు, కబడ్డీలో కాలు దొరికి పక్కకు లాగేసినప్పుడు, గోల్‌కీపర్ కాళ్లు చాపి బంతి ఆపినప్పుడు ఇది వస్తుంది.

వేలితో చూపించలేక, బొటనవేలు వెనక, మిగతా వేళ్లు ముందు పెట్టి తుంటిని పిడికిట్లో పట్టుకున్నట్టు చూపించి "లోపలెక్కడో" అంటే నొప్పి కీలులోనే ఉంది. దీన్ని ఇంట్లో తేల్చలేం.

మోకాలు నొప్పి అన్నా తుంటి చూడాలి

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

తొడ ఎముక పైన ఉండే బంతి, దాని మెడ కలిసే చోట కూడా గ్రోత్ ప్లేట్ ఉంటుంది. ఎదిగే వయసులో కొందరికి ఆ పొర దగ్గర బంతి తన చోటు నుంచి జారుతుంది. డాక్టర్లు ఎస్‌సీఎఫ్ఈ అంటారు. అమ్మాయిల్లో 10 నుంచి 13, అబ్బాయిల్లో 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఎక్కువ. బరువు ఎక్కువున్న పిల్లల్లో ఎక్కువ, అలాగని సన్నగా ఉన్నవాళ్లకు రాదని కాదు, థైరాయిడ్ లాంటి హార్మోన్ల తేడా ఉన్నవాళ్లకూ వస్తుంది.

మన దగ్గర ఇది ఎలా బయటపడుతుందో చూడండి. ఎండాకాలం సెలవుల్లో కాస్త లావుగా ఉన్న పిల్లాణ్ని "కొంచెం ఒళ్లు తగ్గుతాడు" అని సమ్మర్ క్యాంపులో వేస్తారు. వారం పది రోజులకు మోకాలు నొప్పి అంటాడు. మోకాలు చూస్తే వాపు లేదు, ఎర్రదనం లేదు. మోకాలికి ఎక్స్‌రే తీస్తే అంతా బాగానే ఉంటుంది. "బద్ధకం, పరుగెత్తమంటే సాకులు" అని కోచ్ అంటారు, ఇంట్లోనూ అదే అంటారు. వాడేమో పాదం బయటికి తిప్పి, ఒక పక్కకు ఊగుతూ నడుస్తుంటాడు, "లావు కదా, అలాగే నడుస్తాడు" అనుకుంటాం. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి, బంతి ఇంకొంచెం జారుతుంది, ఒక రోజు మెట్ల మీద కాలు మడతపడి ఉన్నపళంగా పూర్తిగా జారిపోతుంది. అప్పుడు ఆ బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడే ప్రమాదం చాలా పెరుగుతుంది.

తుంటికి వెళ్లే నరాలే మోకాలికీ వెళ్తాయి కాబట్టి తుంటిలో దెబ్బ మోకాల్లో, తొడలో నొప్పిగా తెలుస్తుంది. కాబట్టి ఈ వయసులో తొడ నొప్పి, మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే, మోకాలి దగ్గర ఏమీ కనబడకపోతే, డాక్టర్‌ని మీరే అడగండి, "తుంటి కూడా చూస్తారా, రెండు తుంట్లకూ ఎక్స్‌రే తీయిద్దామా" అని. అడిగితే ఏ మంచి డాక్టరూ విసుక్కోరు.

ఇంట్లో చూడగలిగినవి

కాలు మీద నిలబడగలుగుతుంటేనే ఇవి చేయండి. నిలబడలేకపోతే ఏ పరీక్షా వద్దు, కదపకండి.

ముందు వెనక నుంచి నడక చూడండి. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో చెప్పులు లేకుండా ఇరవై అడుగులు నడిపించి ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టర్ గదిలో పిల్లలు బిగుసుకుపోయి బాగానే నడుస్తారు, ఈ వీడియో అక్కడ పనికొస్తుంది. ఒక పాదం బయటికి తిరిగి ఉందా, ఒక పక్కకు ఒళ్లు వాలుతోందా అన్నది ముఖ్యం.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి మెల్లగా ఛాతీ వైపు తేనివ్వండి, తనంతట తానే, మీరు నెట్టొద్దు. మోకాలు నిటారుగా పైకి రాకుండా పక్కకు, బయటి వైపు పోతుంటే తుంటి కీలును అనుమానించాలి. రెండో కాలితో పోల్చి చూడండి. తేడా ఉంటే ఇంక నడిపించకండి, అదే రోజు ఎక్స్‌రే.

మూడోది గజ్జ కండరాల కోసం, దీన్ని తర్వాత కూడా వాడతాం కాబట్టి గుర్తుంచుకోండి. వెల్లకిలా పడుకుని కాళ్లు చాపి, మీ ముంజేతిని తన రెండు చీలమండల మధ్య అడ్డంగా పెట్టి, 5 సెకన్లు గట్టిగా నొక్కమనండి. నొప్పికి 10కి ఎన్ని మార్కులు అని అడగండి. 0 నుంచి 2 అయితే పర్వాలేదు, 3 నుంచి 5 అయితే ఆట తగ్గించాలి, 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఆపేసి చూపించాలి. ఎలైట్ ఫుట్‌బాల్ జట్లలోనూ ఇదే పరీక్ష వాడతారు, దీనికి ఖర్చేమీ లేదు. గుర్తుంచుకోండి, ఇది కండరాలకే, దీంట్లో మంచి మార్కులొచ్చాయి కదా అని కుంటడాన్ని పట్టించుకోకుండా వదిలేయొద్దు.

డాక్టర్ దగ్గర

ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, దొరికితే పిల్లల ఎముకల డాక్టర్ ఇంకా మంచిది. ప్రైవేటు భరించలేకపోతే హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా హాస్పిటళ్లు మూడింట్లోనూ ఆర్థో విభాగాలున్నాయి, ఓపీ పొద్దునే కాబట్టి త్వరగా వెళ్లి చీటీ తీసుకోండి. ఒక పూట స్కూలు పోతే పోయింది. ముందు ఫిజియో దగ్గరికి వెళ్లడం తప్పేం కాదు, కానీ చప్పుడుతో మొదలైన నొప్పికి, కుంటడానికి ఎక్స్‌రే లేకుండా వ్యాయామాలు మొదలుపెట్టే ఫిజియో దగ్గర ఆగకండి. నేను ఫిజియోథెరపీ చేసేవాణ్నే, అయినా ఈ మాట చెప్తున్నా.

ఎక్స్‌రే ఒక పక్కకే తీస్తే సరిపోదు. రెండు తుంట్లూ ఒకే ఫిల్మ్‌లో వచ్చేలా కటి భాగం మొత్తం ఒకటి, కప్ప కాళ్లలా మోకాళ్లు పక్కకు పెట్టి తీసేది ఇంకొకటి, మామూలుగా ఈ రెండూ తీస్తారు. ఎందుకు రెండు పక్కలా అంటే, గ్రోత్ ప్లేట్ ఫిల్మ్‌లో నల్ల గీతలా కనిపిస్తుంది, అది ఎముక విరిగిన గీతో మామూలు గీతో రెండో పక్కతో పోలిస్తేనే తెలుస్తుంది. బంతి కొద్దిగా జారినప్పుడు ముందు నుంచి తీసిన ఫిల్మ్‌లో దొరక్కపోవచ్చు, రెండోదాంట్లో దొరుకుతుంది. రేడియేషన్ అని భయపడకండి, ఇక్కడ తీయకపోవడం వల్ల వచ్చే నష్టమే పెద్దది. ఎక్స్‌రే బాగుండి నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐ అడుగుతారు. ఒత్తిడి వల్ల ఎముకలో వచ్చే సన్నటి చీలిక మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి ఆ అడగడంలో న్యాయం ఉంది.

చెప్పాల్సినవి కాగితం మీద రాసుకెళ్లండి: ఎప్పుడు, ఎలా మొదలైంది, వారంలో ఎన్ని గంటలు ఆడుతున్నాడు, ఈ ఏడాది ఎంత పొడవయ్యాడు, అమ్మాయి అయితే నెలసరి సరిగ్గా వస్తోందా.

పేరు తెలిశాక ఎంత కాలం

ఎముక ముక్క ఊడిందంటే మనవాళ్లు వెంటనే ఆపరేషన్ అనుకుని బెంబేలెత్తుతారు. చాలావాటికి అక్కర్లేదు. కొన్ని వారాలు చంక కర్రలు, తర్వాత మెల్లగా వ్యాయామాలు, మామూలుగా రెండు మూడు నెలల్లో ఆటకు వస్తారు, పిర్ర కింది ముక్కకు ఇంకా ఎక్కువ పట్టొచ్చు. ముక్క బాగా దూరం జరిగితే, 2 సెంటీమీటర్లకు అటూ ఇటూ, అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడతారు.

బంతి జారితే అది వేరే కథ. దాన్ని అక్కడే ఆపడానికి స్క్రూ వేస్తారు, వ్యాయామంతోనో విశ్రాంతితోనో అది వెనక్కి రాదు, "ఇంకో వారం చూద్దాం" అనేది ఇక్కడ కుదరదు. కొందరికి రెండో తుంటిలోనూ తర్వాత జారుతుంది, అందుకని ఎదుగుదల ఆగేదాకా చెకప్‌లు మానకూడదు. రెండో పక్క నొప్పి అని ఎప్పుడన్నా అదే రోజు వెళ్లాలి.

మెల్లగా మొదలైన ఒరుసుకుపోయిన నొప్పికి పరుగు, తన్నడం నెల నెలన్నర తగ్గిస్తే సాధారణంగా పోతుంది. గజ్జ కండరం కొద్దిగా లాగితే రెండు మూడు వారాలు, గట్టిగా లాగితే రెండు నెలల దాకా.

కీలులో ఎముక అంచులు ఒకదానికొకటి తగిలే సమస్య ఇంకొకటి ఉంది, కింద కూర్చుని లేచేటప్పుడు, బాగా వంగినప్పుడు గజ్జ లోపల గుచ్చుతుంది. ఎదిగే వయసులో ఫుట్‌బాల్ లాంటివి మరీ ఎక్కువ ఆడే పిల్లల్లో తొడ ఎముక మెడ దగ్గర ఆకారమే కొద్దిగా మారుతుందని తేలింది. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు తిప్పి సగం కూర్చున్న భంగిమలో, గంటలు గంటలు ఉండే కూచిపూడి, భరతనాట్యం పిల్లలకు కూడా గజ్జ ముందు గుచ్చే నొప్పి వస్తుంది, వాళ్లను ఆటగాళ్లుగా ఎవరూ లెక్కెయ్యరు కానీ వాళ్ల తుంటి మీద పడే భారం తక్కువేం కాదు. దీనికి ముందు ఫిజియో, లోతుగా వంగే పనులు తగ్గించడం. ఎక్స్‌రేలో ఆకారం మారినట్టు కనిపించినంత మాత్రాన ఆపరేషన్‌కి తొందరపడకండి, నొప్పే లేని చాలామందికి అలాంటి ఆకారం ఉంటుంది.

తుంటి పక్కన టక్ టక్ మని చప్పుడు, నొప్పి లేకుండా, అంటే వదిలేయండి.

మళ్లీ ఆటకు ఎలా పంపాలి

"డాక్టర్ ఆరు వారాలన్నారు, ఏడో వారం టోర్నమెంట్" అనే లెక్క వేయకండి. తేదీ సరిపోదు, మెట్టు దాటాలి. కుంటకుండా నడవాలి, మెట్రో స్టేషన్ మెట్లు నొప్పి లేకుండా ఎక్కి దిగాలి, చీలమండల మధ్య చెయ్యి పెట్టి నొక్కే పరీక్షలో 0 నుంచి 2 రావాలి. అప్పుడు నిటారుగా మెల్లని పరుగు. అది రెండు మూడు సార్లు బాగుంటే వేగం. తర్వాత మలుపులు, ఆగడం, మళ్లీ పరుగు. చివరగా తన ఆటలో కష్టమైనది: ఫుట్‌బాల్‌లో గట్టి కిక్, షటిల్‌లో పెద్ద అంగ, క్రికెట్‌లో పూర్తి రనప్‌తో బౌలింగ్. తర్వాత పూర్తి ప్రాక్టీసులు కొన్ని, ఆ తర్వాతే మ్యాచ్. ఏ మెట్టు దగ్గర నొప్పి వచ్చినా, ఆ రోజు రాత్రి గానీ మర్నాడు పొద్దున గానీ వచ్చినా, ఒక మెట్టు కిందికి దిగాలి.

ఈ మధ్యలో పిల్లాణ్ని ఇంట్లో కూర్చోబెట్టకండి. గ్రౌండ్‌కి తీసుకెళ్లండి, స్కోరు రాయమనండి, కుర్చీలో కూర్చుని క్యాచ్‌లు పట్టమనండి. జట్టుకు దూరమైపోతున్నాననే దిగులే పిల్లల చేత అబద్ధం చెప్పిస్తుంది, "ఇప్పుడు నొప్పి లేదు డాడీ" అని.

ఇది చదువుతున్నది ఆడే పిల్లలే అయితే మీతో ఒక మాట. సార్ తిడతారని నొప్పి దాచొద్దు తమ్ముడూ. టీమ్‌లోంచి తీసేస్తారని భయం ఉంటుంది, నిజమే, ఒక్కోసారి తీసేస్తారు కూడా. కానీ రెండు వారాలకు పోయే దాన్ని దాచి ఆరు నెలలు చేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

కోచ్‌కి డాక్టర్ చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, నోటి మాట సరిపోదు. ఏం చేయకూడదో మాత్రమే కాదు, ఏం చేయొచ్చో కూడా అందులో రాయించండి. "రెస్ట్" అని ఒక్క ముక్క రాస్తే ఏ కోచ్‌కీ అర్థం కాదు.

మళ్లీ రాకుండా

గంటలు లెక్కపెట్టండి. అకాడమీలో రెండు గంటలు అంతే అంటారు తల్లిదండ్రులు. స్కూల్లో పీటీ, ఇంటర్‌స్కూల్ జట్టు ప్రాక్టీసు, రాత్రి పదింటిదాకా లైట్ల కింద టర్ఫ్ మీద బాక్స్ క్రికెట్, ఆదివారం పరేడ్ గ్రౌండ్స్‌లో మ్యాచ్, ఇవి లెక్కలోకి రావు, ఎందుకంటే ఒక్కోటి ఒక్కో మనిషి ఆడిస్తున్నాడు, మొత్తం ఎవరి దగ్గరా లేదు. తుంటికి మాత్రం మొత్తం తెలుసు. వయసెంతో వారానికి అన్ని గంటలు దాటకూడదు అనేది వాడుకలో ఉన్న ఒక లెక్క: 13 ఏళ్ల పిల్లకి వారానికి 13 గంటలు, అన్నీ కలిపి. వారంలో కనీసం ఒక రోజు పూర్తిగా సెలవు. ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆట వదిలి ఇంకేదైనా ఆడనివ్వండి, ఈత, సైకిలు, ఏదైనా.

ఎత్తు కొలవండి. నెలకోసారి గోడ మీద పెన్సిల్ గీత, తేదీ. మూడు నెలల్లో 2 సెంటీమీటర్లకు దగ్గరగా పెరిగారంటే వేగంగా ఎదిగే దశలో ఉన్నారు, అమ్మాయిలకు సుమారు 12, అబ్బాయిలకు 14 దగ్గర ఇది గరిష్ఠం. ఎముక ముందు పొడవవుతుంది, కండరం ఆ వెనక సాగుతుంది, ఆ మధ్య కాలంలో గ్రోత్ ప్లేట్ల మీద లాగుడు ఎక్కువ. ఆ నెలల్లో స్ప్రింట్లు, గట్టి కిక్కులు, గెంతులు తగ్గించమని కోచ్‌కి చెప్పండి. ఒకే అండర్-14 జట్టులో ఒకడికి మీసం వస్తుంటుంది, ఇంకొకడు ఐదో తరగతి పిల్లాడిలా ఉంటాడు, ఇద్దరి చేతా ఒకే పని చేయించడం కోచింగ్ కాదు.

నిద్ర గురించి చెప్తే మన ఊళ్లో నవ్వుతారు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. కూకట్‌పల్లిలోనో ఎల్బీ నగర్‌లోనో నాలుగున్నరకు లేచి గచ్చిబౌలిలో ప్రాక్టీసు, మధ్యాహ్నం స్కూలు, సాయంత్రం ఐఐటీ ఫౌండేషన్, రాత్రి పదకొండుకు హోంవర్క్ అంటే ఆ లెక్క ఎటు నుంచి వేసినా కుదరదు. ఏదో ఒకటి తీసేయాలి, ఏది అన్నది మీ ఇష్టం.

అమ్మాయిల తల్లులు: మూడు నెలలు నెలసరి ఆగినా, 15 నిండినా మొదలవకపోయినా డాక్టర్‌కి చూపించండి, "ఆటల పిల్లలకు అంతే" అని ఊరుకోకండి. తినేది సరిపోక అలా అవుతుంటే ఎముక కూడా బలహీనపడుతుంది, పరుగు పందాల పిల్లల్లో తొడ ఎముక మెడలో చీలిక దాంతో కూడా వస్తుంది. బరువు తగ్గమని కోచ్ చెప్తే ఎందుకని అడగండి. పాలు, గుడ్లు, రాగి సంగటి, పప్పు, కడుపు నిండా అన్నం పెట్టండి.

టర్ఫ్ మీద పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు వద్దు, కాలు అక్కడే పట్టుకుపోయి ఒళ్లు తిరుగుతుంది. చిన్న చిన్న రబ్బరు బొడిపెలున్న టర్ఫ్ షూస్ కొనండి.

వ్యాయామాల్లో ఒక్కటే ఎంచుకోమంటే కోపెన్‌హేగెన్ అడక్షన్ చెప్తాను. పక్కకు తిరిగి మోచేతి మీద ఆనుకుని పడుకోవాలి, పై కాలిని పక్కనున్నవాళ్లు మోకాలు, చీలమండ దగ్గర పట్టుకోవాలి, నడుము పైకి లేపుతూ కింది కాలిని పై కాలి దగ్గరికి తేవాలి, మెల్లగా దించాలి. నార్వేలో పెద్దవాళ్ల ఫుట్‌బాల్ జట్లలో చేసి 2019లో అచ్చయిన పరిశోధనలో ఇది చేసిన జట్లకు గజ్జ సమస్యల ముప్పు 41 శాతం తగ్గింది. పిల్లలకు సులువు రకంతో మొదలుపెట్టండి: మోకాలు బల్ల మీదో సోఫా మీదో ఆనించి, ఒక్కో పక్క ఐదారు సార్లు, వారానికి రెండు రోజులు. మొదటి రెండు వారాలు తొడ లోపల ఒళ్లు నొప్పులుంటాయి, అది మామూలే, కానీ ఎముక మీద ఒక్క చోట వేలితో చూపించే నొప్పి వస్తే ఆపాలి. దీనికి ముందు ఫిఫా 11 ప్లస్ అనే ఇరవై నిమిషాల వార్మప్ చేయిస్తే ఇంకా మంచిది, నెట్‌లో వీడియోలు ఉచితంగా దొరుకుతాయి, ఒకసారి కోచ్‌కి పంపి చూడండి. ఆదివారం మ్యాచ్ ఉంటే శుక్ర, శనివారాల్లో కోపెన్‌హేగెన్ చేయించకండి, మంగళ, బుధవారాల్లో పెట్టుకోండి.